బొడ్డుకోత, ధనుర్వాతము, ఒక వర్తకసంస్థ సాయము

ధనుర్వాతమను పేరునందే ఆ వ్యాధి రూపము గలదు. కండరములు బిగిసి రోగి దేహము విల్లువలె వంగును. పుట్టిన శిశువునకిది సోకినచో ముందుగా పాలు చప్పరించుట మానును. పిదప దవడలు పట్టివేయును. చిన్న చప్పుడునకైనను దేహమంతయు కొయ్యబారును. చికిత్స లేనియెడల అట్టి శిశువులలో బ్రతుకువారు మిక్కిలి అరుదు.

ఈ వ్యాధిబీజము మంటిలోను, పశువుల పేడలోను ఉండును. శుభ్రముకాని కత్తితోనో కొడవలితోనో బొడ్డు కోసినప్పుడును, కోసిన చోట బూడిద, పేడ మున్నగునవి పూసినప్పుడును శిశుదేహమున ప్రవేశించును. దీనికి రక్షణ తల్లియొద్దనే గలదు. గర్భిణికి టీకా వేసినచో ఆమె రక్తమున పుట్టిన రక్షకపదార్థములు మాయద్వారా బిడ్డకు చేరి, తొలివారములలో కాపాడును.

అయినను 1988లో ఈ వ్యాధిచే 7,87,000 మంది నవజాతశిశువులు మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. అప్పటికి టీకా లేకపోలేదు. అది మిక్కిలి వెలగలదియు కాదు. కాని బాటలేని పల్లెలకు దానిని చేర్చుటకు శీతలపేటికలు, సూదులు, కాలినడకన పోగల కార్యకర్తలు వలయును. వీనికన్నిటికి ధనము వలయును.

2006లో పాంపర్స్ అను పేర పసిబిడ్డల డైపర్లను విక్రయించు సంస్థ యునిసెఫ్‌తో ఒక ఒడంబడిక చేసికొన్నది. గుర్తువేసిన ప్యాకెట్టు ఒకటి అమ్ముడుపోయినచో ఒక టీకా వెలను సంస్థ ఇచ్చుట ఆ ఒడంబడిక. సంస్థ టీకాలను తయారుచేయదు, సూదియు వేయదు. ఆ ధనముతో యునిసెఫ్ టీకాలు కొని పంపగా, ఆయా దేశముల ఆరోగ్యసిబ్బంది వేసెడివారు. బ్రిటనులో ఒక తల్లి కొన్న ప్యాకెట్టు ఎచ్చటనో మరియొక తల్లికి టీకా అయ్యెడిది.

ఇది దానమా, వర్తకమా? రెండును. అమ్మకము పెరుగుటయు, మంచిపేరు వచ్చుటయు సంస్థకు లాభమే. "ఒక ప్యాకెట్టు, ఒక టీకా" యను మాటలో ఒక మెలిక గూడ గలదు: ఎన్నడును టీకా పొందని గర్భిణికి ఒక్క మోతాదు చాలదు, రెండైనను వలయును. కావున అమ్మిన ప్యాకెట్లను లెక్కించి అన్ని ప్రాణములు నిలిచినవని తలపరాదు. పేదదేశములలో డబ్బాపాల విక్రయపద్ధతులను నిరసించుచు 1977లో అమెరికాలో నెస్లే సరుకులపై బహిష్కారము మొదలయ్యెను. 1981లో ఆ విక్రయమునకు అంతర్జాతీయ నియమావళి ఏర్పడెను. సంస్థ ఇచ్చుదానితోబాటు అమ్ముదానిని గూడ పరిశీలించుట మనకు అవసరము.

ప్రభుత్వములు, స్వచ్ఛందసంస్థలు, దాతలు కలిసి చేసిన కృషిచే 2018 నాటికి ఈ మరణములు సుమారు 25,000కు తగ్గినవి. భారతదేశము 2015లో దీనిని నిర్మూలించినట్లు ధ్రువీకరింపబడెను. నిర్మూలనమనగా ప్రతి జిల్లాలోను వేయి సజీవజననములకు ఒకటికన్న తక్కువ వ్యాధిగ్రస్తులుండుట. వ్యాధిబీజము మంటిలో ఉండనే యున్నది గనుక ప్రతితరపు తల్లులకును టీకా వేయవలసినదే.

మనవంటి ప్రాంతములలో తల్లికిచ్చు ఆరోగ్యకార్డు పలుతావుల రాష్ట్రభాషలో నుండును. తెలుగుమాత్రమే చదువగల అక్కకో, వదినకో దానిని చదివి చెప్పగలవారు ఇంట మీరే. అందు టీ.డీ. అను గడిని చూడుడు. గర్భము తెలిసిన వెంటనే మొదటి సూది, నాలుగువారములకు రెండవది. మూడేండ్లలోపల మునుపటి కానుపునకు రెండును వేయించుకొన్నచో ఈ మారు ఒకటి చాలును.