షింజో అబే హత్య.. యుద్ధమే వద్దన్న జపాన్ మళ్లీ ఆయుధాలు ఎందుకు పడుతోంది? ఆర్టికల్ 9 కథేంటి?

జపాన్ మాజీ ప్రధాని షింజో అబే హత్య కేసు మూడేళ్ల తర్వాత కోర్టు మెట్లెక్కింది. 2025 అక్టోబర్ 28న నారా జిల్లా కోర్టులో విచారణ మొదలైన తొలి రోజే నిందితుడు టెట్సుయా యమగామి నేరం ఒప్పుకున్నాడు. దానికి సరిగ్గా వారం ముందు, అక్టోబర్ 21న, సనే తకాయిచి జపాన్ తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఆమె అబే శిష్యురాలు. ఎంపీగా గెలిచింది కూడా ఆ నారా నుంచే. కుర్చీ ఎక్కగానే ఆమె చెప్పిన మొదటి మాటల్లో ఒకటి.. రక్షణ బడ్జెట్‌ను అనుకున్న దానికంటే ముందే పెంచేస్తామని.

దీంతో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. యుద్ధం చేయబోమని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం క్షిపణులు ఎందుకు కొంటోంది? అబే హత్యకూ, ఈ మార్పుకూ లింకు ఉందా?

ఆ రోజు ఏం జరిగింది?

2022 జులై 8. ఎగువ సభ ఎన్నికలకు ఇంకా రెండు రోజులే ఉంది. నారాలోని యమటో సైదైజి స్టేషన్ బయట రోడ్డు మీద నిలబడి అబే తమ పార్టీ అభ్యర్థి కోసం ప్రచారం చేస్తున్నారు. ఉదయం 11.30 దాటగానే వెనక నుంచి రెండుసార్లు కాల్పులు జరిగాయి. వాడింది ఇంట్లో తయారు చేసుకున్న తుపాకీ. సాయంత్రం ఆస్పత్రిలో అబే చనిపోయారు. ఆయన వయసు 67 ఏళ్లు. తుపాకీ హత్యలు దాదాపు కనిపించని దేశం అది. జపాన్ మొత్తం షాక్‌లోకి వెళ్లిపోయింది.

యమగామి గతంలో జపాన్ నౌకాదళంలో పనిచేశాడు. దాంతో సైన్యం, రాజ్యాంగం గొడవలే హత్యకు కారణమని మొదట్లో చాలామంది అనుకున్నారు. కానీ అసలు సంగతి వేరు. అతడి తల్లి యూనిఫికేషన్ చర్చి అనే మత సంస్థకు దాదాపు 10 కోట్ల యెన్‌లు విరాళంగా ఇచ్చేసింది. కుటుంబం రోడ్డున పడింది. ఆ చర్చికి అబే అండ ఉందన్న కోపంతోనే చంపానని అతడు చెప్పాడు. చర్చి అనుబంధ సంస్థ కార్యక్రమానికి అబే 2021లో వీడియో సందేశం పంపడం ఆ కోపాన్ని పెంచింది. 2025 మార్చిలో టోక్యో కోర్టు ఆ చర్చిని రద్దు చేయాలని ఆదేశించింది.

అంటే హత్యకు, ఆయుధాల చర్చకు నేరుగా సంబంధం లేదు. కానీ చనిపోయింది ఆ చర్చను జీవితాంతం మోసిన మనిషి. అందుకే ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి.

ఆర్టికల్ 9లో ఏముంది?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయింది. హిరోషిమా, నాగసాకి బూడిదయ్యాయి. అమెరికా సైనికాధికారి మెక్ఆర్థర్ పర్యవేక్షణలో కొత్త రాజ్యాంగం తయారైంది. 1947 మే 3న అమల్లోకి వచ్చింది. అందులోని 9వ అధికరణం రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, వివాదాల పరిష్కారానికి యుద్ధాన్ని, బలప్రయోగాన్ని జపాన్ శాశ్వతంగా వదులుకుంటుంది. రెండు, సైన్యం, నౌకాదళం, వైమానిక దళం లాంటి యుద్ధ శక్తి ఏదీ ఉంచుకోదు.

మరి ఇప్పుడున్న దళాలేంటి? 1950లో కొరియా యుద్ధం రాగానే అమెరికానే మాట మార్చింది. జపాన్‌లో ఉన్న తన సైనికులను కొరియాకు పంపి, ఆ ఖాళీలో 75 వేల మందితో ఓ పోలీస్ రిజర్వ్ పెట్టించింది. అదే 1954లో ఆత్మరక్షణ దళం అయింది. పేరులో సైన్యం అన్న మాట ఉండదు. యుద్ధ నౌకలు, ఫైటర్ జెట్లు మాత్రం ఉంటాయి. దేశం తనను తాను కాపాడుకునే హక్కును ఆర్టికల్ 9 తీసేయలేదన్నది ప్రభుత్వాల వాదన. రాసింది ఒకటి, జరుగుతున్నది మరొకటి అన్నది వ్యతిరేకుల మాట. 70 ఏళ్లుగా గొడవంతా ఇక్కడే.

ఒకే ఇంట్లో రెండు దారులు

అబే తల్లి తండ్రి నొబుసుకే కిషి యుద్ధకాలంలో మంత్రిగా చేశారు. ఓటమి తర్వాత యుద్ధ నేరాల అనుమానితుడిగా జైల్లో ఉండి, విచారణ లేకుండానే బయటికొచ్చారు. తర్వాత ప్రధాని అయ్యారు. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని సవరించి పార్లమెంటులో నెగ్గించుకున్నారు. కానీ వీధుల్లో జనం పోటెత్తడంతో పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆయన సొంత తమ్ముడు ఐసాకు సాటో కూడా ప్రధానే. అణ్వాయుధాలు తయారు చేయం, ఉంచుకోం, దేశంలోకి రానివ్వం అన్న మూడు సూత్రాలు ప్రకటించింది ఆయనే. 1974లో నోబెల్ శాంతి బహుమతి కూడా అందుకున్నారు. అబే మాత్రం తాత దారినే ఎంచుకున్నారు.

2012లో రెండోసారి ప్రధాని అయ్యాక అబే అడుగులు వేగంగా పడ్డాయి. 2014లో ఆయుధాల ఎగుమతి నిబంధనలు సడలించారు. అదే ఏడాది జులై 1న కేబినెట్ రాజ్యాంగానికి కొత్త అర్థం చెప్పింది. మిత్రదేశం మీద దాడి జరిగి, దానివల్ల జపాన్ మనుగడకే ముప్పు వస్తే, జపాన్ కూడా ఆయుధం పట్టొచ్చని దాని సారాంశం. 2015లో అది చట్టమైంది. పార్లమెంటు ముందు వేలాది మంది నిరసనకు దిగారు. 2017లో ఆత్మరక్షణ దళం పేరును ఆర్టికల్ 9లో చేరుస్తామని అబే ప్రకటించారు. అనారోగ్యంతో 2020లో తప్పుకునే దాకా అది మాత్రం ఆయన వల్ల కాలేదు.

అబే పోయాక ఏం మారింది?

హత్య జరిగిన రెండు రోజులకే పోలింగ్ జరిగింది. రాజ్యాంగ సవరణకు అనుకూలమైన పార్టీలకు ఎగువ సభలో మూడింట రెండొంతుల సీట్లు దక్కాయి. 2022 డిసెంబర్ 16న ప్రధాని ఫుమియో కిషిడా మూడు భద్రతా పత్రాలు విడుదల చేశారు. దశాబ్దాలుగా జీడీపీలో 1 శాతం దగ్గర ఆగిన రక్షణ ఖర్చును 2027 నాటికి 2 శాతానికి పెంచాలని, ఐదేళ్లలో 43 లక్షల కోట్ల యెన్‌లు ఖర్చు పెట్టాలని నిర్ణయించారు. దాడి జరిగితే శత్రువు స్థావరాల మీద తిరిగి కొట్టే సామర్థ్యం కూడా ఉండాలన్నారు. అమెరికా నుంచి 400 టోమాహాక్ క్షిపణులకు ఆర్డర్ పెట్టారు. ఒక్కోటి సుమారు 1,600 కిలోమీటర్లు వెళ్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కిషిడా మెతక నాయకుడిగా పేరున్న మనిషి. ఆయన నియోజకవర్గం హిరోషిమా. అబే లాంటి నేత ఇదే పని చేసి ఉంటే జనం మళ్లీ రోడ్డెక్కేవారేమో. కిషిడా చేస్తే 2015 స్థాయి నిరసనలు కనిపించలేదు.

దీనికి అబే మీద సానుభూతి ఒక్కటే కారణం కాదు. అంతకంటే పెద్దది భయం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దాడి చేసింది. ఆగస్టులో తైవాన్ చుట్టూ చైనా విన్యాసాలు జరిపినప్పుడు 5 క్షిపణులు జపాన్ ప్రత్యేక ఆర్థిక మండలిలో పడ్డాయి. అక్టోబర్ 4న ఉత్తర కొరియా క్షిపణి జపాన్ మీదుగా దూసుకెళ్లింది. ఉత్తర జపాన్‌లో సైరన్లు మోగాయి. ఇంటి పైనుంచి క్షిపణి వెళ్తుంటే శాంతి పాఠాలు వినే ఓపిక జనానికి తగ్గింది.

అనుకూలం ఎవరు? వద్దంటున్నది ఎవరు?

పక్కన చైనా, ఉత్తర కొరియా, రష్యా.. మూడూ అణ్వాయుధ దేశాలే. అమెరికా ఎప్పటికీ అండగా ఉంటుందన్న గ్యారంటీ లేదు. ప్రాణాలకు తెగించి పనిచేసే దళం గురించి రాజ్యాంగంలో ఒక్క ముక్క లేకపోవడం అన్యాయం. ఇది అనుకూల వర్గం వాదన.

మనం ఆయుధాలు పెంచితే పక్కవాళ్లూ పెంచుతారు, చివరికి ముప్పు ఇంకా పెరుగుతుంది అన్నది వ్యతిరేకుల మాట. అణుబాంబు బాధితుల సంఘం నిహాన్ హిడాంక్యోకు 2024 నోబెల్ శాంతి బహుమతి రావడం వారి గొంతుకు బలమిచ్చింది. ఒకప్పుడు జపాన్ సైన్యం కింద నలిగిన చైనా, కొరియాల్లో ఆ గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

వీటికి తోడు డబ్బు, మనుషుల సమస్య. ప్రభుత్వ అప్పు జీడీపీకి రెట్టింపు దాటింది. రక్షణ ఖర్చు కోసం కార్పొరేట్, పొగాకు పన్నులు పెంచాలని నిర్ణయించారు. జనాభాలో దాదాపు 30 శాతం మంది 65 ఏళ్లు దాటినవారే. 2023 ఆర్థిక సంవత్సరంలో ఆత్మరక్షణ దళం నియామకాలు లక్ష్యంలో సగం దగ్గరే ఆగాయి. క్షిపణులు కొనొచ్చు. వాటిని నడిపే కుర్రాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

భారత్‌కు ఏంటి సంబంధం?

భారత్, జపాన్, అమెరికా, ఆస్ట్రేలియాల క్వాడ్ ఆలోచన వెనక ఉన్నది అబేనే. 2007లో మన పార్లమెంటులో ఆయన ప్రసంగించారు. 2021లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆయన చనిపోయిన మర్నాడు మన దేశం సంతాప దినం పాటించింది. 2024 అక్టోబర్‌లో విశాఖ తీరంలో జరిగిన మలబార్ విన్యాసాల్లో జపాన్ నౌకాదళం కూడా పాల్గొంది. అదే ఏడాది నవంబర్‌లో మన యుద్ధ నౌకలకు యూనికార్న్ యాంటెన్నా వ్యవస్థ అందించేందుకు రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఎగుమతి నిబంధనలు పాతవే ఉండి ఉంటే ఈ ఒప్పందానికి దారే ఉండేది కాదు.

ఇప్పుడు ఏం జరగబోతోంది?

2 శాతం లక్ష్యాన్ని రెండేళ్లు ముందుకు జరిపి, 2025 ఆర్థిక సంవత్సరంలోనే చేరతామని తకాయిచి ప్రకటించారు. 26 ఏళ్లుగా ఆమె పార్టీతో కలిసి నడిచిన కొమెయిటో అక్టోబర్‌లో కూటమి నుంచి తప్పుకుంది. బౌద్ధ సంస్థ మద్దతున్న ఆ పార్టీయే ఇన్నాళ్లూ ఆయుధాల విషయంలో బ్రేకు వేసేది. ఆ స్థానంలోకి వచ్చిన ఇషిన్ పార్టీ ఇంకా వేగంగా వెళ్లాలంటోంది. నవంబర్ 7న తకాయిచి పార్లమెంటులో మాట్లాడుతూ, తైవాన్‌పై చైనా దాడి జపాన్ మనుగడకు ముప్పుగా మారొచ్చన్నారు. చైనా భగ్గుమంది. ఇందుకు ఆధారం అబే తెచ్చిన 2015 చట్టమే.

అయినా ఆర్టికల్ 9లో ఇప్పటిదాకా ఒక్క అక్షరం మారలేదు. మార్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. ఆ తర్వాత ప్రజాభిప్రాయ సేకరణలో సగానికి పైగా ఓట్లు రావాలి. 1947 నుంచి జపాన్ రాజ్యాంగానికి ఒక్క సవరణ కూడా జరగలేదు. పార్లమెంటులో లెక్క కుదిరినా, చివరి మాట ఓటరుదే. ఆయుధాలు కొంటుంటే ఊరుకున్న జపాన్ జనం, యుద్ధం చేయబోమన్న వాక్యం మీద చెయ్యి వేయనిస్తారా అన్నదే అసలు పరీక్ష.