చేతిలో కాసు లేకపోతే నేరస్తుడేనా?
బిచ్చగాళ్ల చట్టాలపై కోర్టులేమన్నాయి? - కూలీలు తెలుసుకోవలసిన సంగతులు

మదనపల్లె: వానలు మొహం చాటేస్తే మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల వాళ్లు బస్సెక్కి, కుప్పం వైపు వాళ్లు రైలెక్కి బెంగుళూరు దారి పట్టడం తరతరాలుగా ఉన్నదే. మేస్త్రి దొరికి పని కుదిరేదాకా బస్టాండులోనో, రైలు స్టేషను బయటనో మూట తలకింద పెట్టుకుని పడుకుంటారు. అలాంటి వాళ్లలో ఎవరి జేబులోనైనా కాసు లేకపోతే, బట్టలు మాసి ఉంటే, అతడు కూలీయా, బిచ్చగాడా అన్నది తేల్చేదెవరు?

ఈ ప్రశ్న వట్టిది కాదు. కర్ణాటకలో 1975 నాటి భిక్షాటన నిషేధ చట్టం ప్రకారం బిచ్చమెత్తుతున్నారనుకున్న వారిని పోలీసులు వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు. మేజిస్ట్రేటు నిర్ధారిస్తే ఏడాది నుంచి మూడేళ్ల దాకా నిరాశ్రితుల కేంద్రంలో ఉంచవచ్చు. ఆ కేంద్రాల ఖర్చుకు అక్కడి స్థానిక సంస్థలు ఆస్తిపన్నుతో పాటు నూటికి 3 రూపాయల సెస్సు కూడా వసూలు చేస్తాయి. మన రాష్ట్రంలోనూ 1977లో భిక్షాటన నిరోధక చట్టం చేశారు.

బెంగుళూరు మాగడి రోడ్డులో సుమనహళ్లి దగ్గర ఉన్న ఇలాంటి కేంద్రంలో 2010 ఆగస్టులో పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. వాంతులు, విరేచనాలతో కొందరు, సరైన వైద్యం అందక మరికొందరు ప్రాణాలు వదిలారన్న వార్తలు దేశమంతటా కలకలం రేపాయి. ఆశ్రయం పేరుతో తీసుకుపోయిన చోట ఇలా జరగడంతో, అసలు వీళ్లను నిర్బంధించే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిదన్న ప్రశ్న లేచింది.

తెలుగునాట ఇది పాత గాయమే. తెల్లదొరలు 1871లో నేరస్త జాతుల చట్టం చేశారు. 1911లో, అంటే చిత్తూరు జిల్లా ఏర్పడిన ఏటనే, దాన్ని మద్రాసు రాజధానికి వర్తింపజేశారు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్ముకు బతికిన ఎరుకల వాళ్లకు రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. బతుకుతెరువు పోయిన వాళ్లకు బాసట ఇవ్వవలసింది పోయి నేరస్తులని ముద్ర వేశారు. స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేయించుకుని, అనుమతి లేనిదే కదలనివ్వలేదు. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952లోను ఆ చట్టం రద్దయింది. అయినా తిరుగాడే పేదవాణ్ణి అనుమానంగా చూసే చూపు మాత్రం బిచ్చగాళ్ల చట్టాల్లో మిగిలిపోయింది.

1959 నాటి బొంబాయి చట్టాన్నే చూడండి. చేయి చాపి అడిగిన వాడినే కాదు, కంటికి కనిపించే జీవనాధారం లేకుండా బహిరంగ స్థలాల్లో తిరిగే వాడిని కూడా అది బిచ్చగాళ్లలో కలిపేసింది. ఢిల్లీలోనూ అమలైన ఆ చట్టంపై హర్ష్ మందర్, కర్ణికా సాహ్నీ హైకోర్టుకెక్కారు. 2018 ఆగస్టు 8న తీర్పు వచ్చింది. కూడు, గూడు, పని చూపలేని ప్రభుత్వం, అవి లేవన్న కారణానికే మనిషిని శిక్షించరాదని న్యాయస్థానం తేల్చి, నిర్బంధానికి సంబంధించిన సెక్షన్లను కొట్టివేసింది. ఇతరుల చేత బలవంతాన బిచ్చమెత్తించే వారిని శిక్షించే సెక్షన్‌ను మాత్రం ఉంచింది. ఈ తీర్పు ఢిల్లీకే పరిమితం. 2019లో జమ్ము కాశ్మీరు హైకోర్టు కూడా అక్కడి చట్టాన్ని కొట్టివేసింది.

పిల్లల చేత అడుక్కునేట్టు చేసే ముఠాలున్నాయని, నగరం పరువు పోతుందని అధికారులు అంటుంటారు. 2017 నవంబరులో హైదరాబాదులో ప్రపంచ స్థాయి సదస్సుకు ముందు పోలీసులు రెండు నెలల పాటు భిక్షాటన నిషేధించి, బిచ్చగాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ముఠాలను పట్టుకోవద్దని ఎవరూ అనరు. ముఠా నాయకుణ్ణి వదిలి ముసలమ్మను వ్యాను ఎక్కించడం పైనే అభ్యంతరం. ఈ విషయంలో సంపన్నుల దృష్టితో చూడలేమని 2021 జూలైలో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. 2025లో బిచ్చగాళ్ల వసతి గృహాల్లోని పరిస్థితిపై తీర్పు ఇస్తూ అవి జైళ్ల మాదిరిగా ఉండకూడదని స్పష్టం చేసింది.

పనికోసం పొరుగు రాష్ట్రాలకు పోయే వాళ్లు, వాళ్ల ఇంటి వాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోవడం మంచిది. ఆధార్ నకలు, మేస్త్రి పేరు, ఇంటి ఫోను నంబరు కాగితం మీద రాసుకుని వెంట ఉంచుకోవాలి. పోలీసులు పట్టుకుంటే ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం చెబుతోంది. తాను కూలీనని అక్కడే చెప్పుకోవాలి. నిర్బంధంలో ఉన్న వారికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఇందుకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కోర్టుల్లోని న్యాయ సేవా కమిటీలనూ అడగవచ్చు. మనిషి ఆచూకీయే తెలియకపోతే హెబియస్ కార్పస్ పిటిషనుతో హైకోర్టుకు పోయే హక్కు ఇంటివాళ్లకు ఉంది.

పని వెతుక్కుంటూ పోయిన వాడికి ఒక రాత్రి చేతిలో కాసు లేకపోవడం నేరం కాదు. దాన్ని నేరంగా చూసే చట్టాలను సరిదిద్దవలసిన బాధ్యత శాసనసభలదే.