ముగ్గు పోయకముందే అడుగుదాం: ఆర్కిటెక్చర్ ప్రసంగాలు మనమెందుకు వినాలి?

మన కాలనీల్లో ఇల్లు మంజూరైందంటే ముందు జాబితాలో పేరు చూసుకుంటాం. తర్వాత పట్టా, ఫొటో, బ్యాంకు ఖాతా, బేస్‌మెంట్ బిల్లు, స్లాబు బిల్లు. ఇంత తిరుగుడులో ఒక్క ప్రశ్న మాత్రం మనల్ని ఎవరూ అడగరు. మీకు ఎలాంటి ఇల్లు కావాలి? కిటికీ ఏ వైపు పెట్టాలో, పొయ్యి పొగ ఎటు పోవాలో, ముసలి తల్లి మంచం ఎక్కడ వేయాలో ముందే ఎవరో గీసి పెట్టేస్తారు. అలా గీయడం వెనుక ఒక చదువుంది. దాని పేరు ఆర్కిటెక్చర్.

కట్టేది మనవాళ్లే. తాపీ పని, సెంట్రింగ్, కంకర మోత, ఇటుక బట్టీ, ఎక్కడ చూసినా మన చేతులే. గీసే బల్ల దగ్గర మాత్రం మనవాళ్లు తక్కువ. ఆ బల్ల దగ్గర ఏం మాట్లాడుకుంటారో ఇప్పుడు ఫోన్లో వినొచ్చు. ప్రపంచంలోని పెద్ద ఆర్కిటెక్చర్ విద్యాసంస్థలు తమ బహిరంగ ప్రసంగాలను యూట్యూబ్‌లో ఉచితంగా పెడుతున్నాయి. వాటిలో ఏముంది, ఏం లేదు, మనం ఎలా వినాలి అన్నది ఈ వ్యాసంలో చెబుతాం.

ఏమిటీ ప్రసంగాలు?

ఆర్కిటెక్చర్ కాలేజీల్లో పాత అలవాటు ఒకటుంది. తరగతులు అయ్యాక సాయంత్రం పూట బయటి నుంచి ఒక ఆర్కిటెక్టునో, పరిశోధకురాలినో పిలుస్తారు. వాళ్లు తాము కట్టినవాటి ఫొటోలు, ప్లాన్లు తెరమీద చూపిస్తూ గంటసేపు మాట్లాడతారు. చివర్లో ప్రశ్నలు ఉంటాయి. అమెరికాలో హార్వర్డ్ డిజైన్ స్కూల్, కొలంబియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లోని సైఆర్క్, లండన్‌లోని ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ ఇలాంటి ప్రసంగాలను రికార్డు చేసి అందరికీ తెరిచి ఉంచాయి. సైఆర్క్ దగ్గర 1970ల నాటి రికార్డులు కూడా ఉన్నాయి. మన దేశంలో అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం ప్రసంగాలూ దొరుకుతాయి. 2020లో కరోనా వచ్చాక ఈ సంఖ్య బాగా పెరిగింది.

క్రమంగా పాఠంలా నేర్చుకోవాలనుకునేవారికి ఐఐటీల ఎన్‌పీటెల్ ఉంది. ఆర్కిటెక్చర్, పట్టణ ప్రణాళిక, గృహనిర్మాణం మీద అందులో వారాల వారీ పాఠాలు ఉంటాయి. చూడటం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. కొన్ని కోర్సుల రాతప్రతులు తెలుగులోకి కూడా వచ్చాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట డిబేడో ఫ్రాన్సిస్ కేరే మాటలు వినండి. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో గాండో అనే చిన్న ఊరు ఆయనది. ఊళ్లో బడి లేక చిన్నప్పుడే వేరే పట్నానికి వెళ్లి చదువుకున్నాడు. గాలీ వెలుతురూ లేని సిమెంటు గదిలో వందమందికి పైగా పిల్లలతో కూర్చున్నాడు. వడ్రంగం నేర్చుకుని స్కాలర్‌షిప్‌పై జర్మనీ వెళ్లాడు. అక్కడ ఆర్కిటెక్చర్ చదువుతుండగానే చందాలు పోగుచేసి 2001లో సొంత ఊళ్లో ప్రాథమిక పాఠశాల కట్టాడు. 2022లో ఆర్కిటెక్చర్ రంగంలో అతిపెద్దదైన ప్రిట్జ్కర్ బహుమతి ఆయనకు వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికన్ ఆయనే.

2013లో టెడ్ వేదికపై ఆయన ఇచ్చిన చిన్న ప్రసంగం చాలు, విషయం అర్థమవుతుంది. మట్టితో బడి అనగానే ఊరివాళ్లు మొదట ఒప్పుకోలేదు. వానకు కరిగిపోతుందన్నది వాళ్ల భయం. ఆయన మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి ఇటుక పోయించాడు. గదిపైన ఇటుకల కప్పు వేసి, దానికి ఖాళీ వదిలి పైన వెడల్పుగా రేకు నిలబెట్టాడు. రేకు కింద వేడెక్కిన గాలి ఆ ఖాళీలోంచి బయటికి పోతుంది. గదిలోని వేడి గాలికీ కప్పులో ఉంచిన సందులే దారి. రేకు అంచులు ముందుకు రావడంతో గోడలకు వాన తగలదు.

మే నెలలో రేకుల ఇంట్లో పడుకున్నవాళ్లకు ఈ పాఠం విలువ వేరే చెప్పనక్కర్లేదు. రేకుకీ గదికీ మధ్య గాలి ఆడే జాగా వదలాలన్న చిన్న సంగతి తెలిస్తే, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని మనమే అడగొచ్చు.

రెండోది చిలీ దేశపు అలెహాండ్రో అరవేనా. ఇకీకే పట్టణం నడిబొడ్డున ఏళ్ల తరబడి గుడిసెలు వేసుకున్న సుమారు వంద కుటుంబాలు ఉండేవి. వాళ్లను ఊరవతలికి తోలకుండా అదే స్థలంలో ఇళ్లు కట్టే పని ఆయన బృందానికి వచ్చింది. ఖరీదైన స్థలానికి పోను ప్రభుత్వ సొమ్ముతో ఇల్లు పూర్తికాదు. అందుకని గోడలు, మెట్లు, స్నానాల గది, వంటగది వంటి కష్టమైన సగం కట్టి, మిగతా సగానికి ఖాళీ వదిలారు. 2004 తర్వాత ఆ ఖాళీల్ని కుటుంబాలే నింపుకున్నాయి.

ఇది వినేటప్పుడు రెండు ప్రశ్నలు పక్కన పెట్టుకోవాలి. పేదలకే సగం ఇల్లు ఎందుకు? ఇది ప్రభుత్వం తన బాధ్యతను సగానికి కోసుకోవడం కాదా? ఇక స్థలం సంగతి. పనికి దగ్గరగా ఉండే చిన్న ఇల్లు మేలా, దూరాన ఉండే పెద్ద ఇల్లు మేలా? హైదరాబాద్ అవతల కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు 2023లో ప్రారంభమయ్యాయి. ఇల్లు ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు. బస్తీలో ఉంటూ నాలుగిళ్లలో పనిచేసే మహిళ అంత దూరం నుంచి రోజూ ఎలా వస్తుంది? ఇల్లు ఎక్కడ ఇస్తారన్నది కూడా డిజైన్ ప్రశ్నే.

మూడోది బాలకృష్ణ దోశీ. 2018లో ప్రిట్జ్కర్ అందుకున్న మొదటి భారతీయుడు. ఇండోర్‌లో ఆయన బృందం రూపొందించిన అరణ్య కాలనీలో సుమారు 6,500 ప్లాట్లు. పేద కుటుంబాలకు అరుగు కట్టి, మరుగుదొడ్డి, నీళ్లు, డ్రైనేజీ ముందే ఇచ్చి, గదులు తమ స్తోమతను బట్టి వేసుకునేలా చేశారు. పట్టా చేతికొచ్చి పదేళ్లైనా మురుగుకాలువ రాని కాలనీలు మనకు తెలుసు. ముందు కాలువ, తర్వాత గోడ అన్న క్రమం అక్కడ చూడొచ్చు.

వినిపించని మాట

ఇన్ని మంచి ప్రసంగాల్లోనూ మేము విన్నంతలో కులం అన్న మాట చాలా అరుదు. భారతీయ గ్రామం గురించి మాట్లాడేవారు మండువా లోగిళ్ల అందం, అరుగుల ఆత్మీయత, రచ్చబండ చల్లదనం చూపిస్తారు. ఆ లోగిలి కట్టిన మనిషి ఏ గడప దగ్గర ఆగిపోయాడో చెప్పరు. వాడ ఊరికి దూరంగా, చాలాచోట్ల పల్లంలో ఎందుకుందో చెప్పరు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవుగా చెప్పి తిరస్కరించారు. గ్రామం అందం గురించిన ప్రతి ప్రసంగం పక్కనా ఆ మాటను పెట్టుకుని వినాలి.

ఇలా నిలదీయడం అమెరికాలో నల్లజాతివారు మనకంటే ముందే మొదలుపెట్టారు. అక్కడ 1930ల్లో ప్రభుత్వ సంస్థ గీసిన పటాల్లో నల్లజాతి పేటలకు ఎర్రరంగు వేశారు. ఎర్రరంగు పడిన పేటలో ఇంటి రుణం దొరకడం గగనమైంది. 1968లో పౌరహక్కుల నాయకుడు విట్నీ యంగ్ ఆర్కిటెక్టుల జాతీయ సదస్సులోనే నిలబడి, మీ వృత్తి మౌనంగా ఉండిపోయిందని ముఖం మీదే చెప్పాడు. 1971లో పన్నెండుమంది నల్లజాతి ఆర్కిటెక్టులు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. 2015లో హార్వర్డ్ డిజైన్ స్కూల్ నల్లజాతి విద్యార్థులు ‘బ్లాక్ ఇన్ డిజైన్’ అనే సదస్సు మొదలుపెట్టారు. ఆ వీడియోలు కూడా ఉచితంగానే దొరుకుతాయి. మన విద్యార్థులు తప్పక చూడాలి. వాడ గురించి మాట్లాడే వేదిక కోసం వాళ్లు ఎవరి పిలుపు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

డిజైన్ అంటే కుర్చీలు, పోస్టర్లే అనుకునేవారికి ఒక ఉదాహరణ. 2017లో హైదరాబాద్ జలమండలి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను పనిలోకి దించింది. పెద్ద లారీలు దూరలేని గల్లీల్లోకి వెళ్లేలా వాటిని చిన్నగా చేశారు. వాటి నిర్వహణలో దళిత పారిశ్రామికుల సంఘం డిక్కీ భాగం పంచుకుంది. బండి వెడల్పు కొన్ని అడుగులు తగ్గితే మనిషి మ్యాన్‌హోల్‌లో దిగే అవసరం తగ్గుతుంది. అందుకే ఏ భవనం గురించి విన్నా ఇది అడగాలి: దీని మురుగు ఎటు పోతుంది, దాన్ని ఎవరు శుభ్రం చేస్తారు?

ఎలా వినాలి?

ఈ ప్రసంగాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. యూట్యూబ్ సెట్టింగుల్లో సబ్‌టైటిళ్లు పెట్టుకుని, ఆటో ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఎంచుకోవచ్చు. యంత్రం చేసే అనువాదం కాబట్టి దూలం అనాల్సిన బీమ్‌ను వెలుగు కిరణం అనొచ్చు, స్తంభం అనాల్సిన కాలమ్‌ను పత్రిక శీర్షిక అనొచ్చు. అందుకే ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు కూడా ఒకసారి చూడండి. వేగం 0.75కి తగ్గించండి. ప్లాన్ కనపడగానే ఆపి ఉత్తరం గుర్తు ఎటుందో, కొలత ఎంతో చూడండి.

ఒక్కరే వినేకంటే పదిమంది వినడం మేలు. అంబేద్కర్ భవనంలోనో, కమ్యూనిటీ హాల్లోనో ఆదివారం సాయంత్రం ఒక వీడియో పెట్టండి. ఇంజినీరింగ్ చదివే పిల్ల ఆపి ఆపి తెలుగులో చెబుతుంది. తాపీ మేస్త్రీని తప్పకుండా పిలవండి. తెరమీద గోడ నిలుస్తుందో లేదో ముందు చెప్పేది ఆయనే.

తర్వాత మీ ఇంటినే కొలవండి. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం పేదలకు పట్టణాల్లో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చింది. గళ్ల కాగితం మీద ఆ స్థలం గీసి అందులో మంచం, పొయ్యి, బీరువా, మరుగుదొడ్డి, మేక, సైకిల్ పెట్టి చూడండి. ఎక్కడ ఇరుకవుతుందో కాగితమే చెబుతుంది.

ఇవి ఇవ్వనివి

ఈ ప్రసంగాలు ఎన్ని విన్నా డిగ్రీ రాదు. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అన్న పేరు వాడుకోవాలి. ఆ చట్టం పేరుకే రక్షణ ఇస్తుందని, గీసే పనిని ఇతరులకు నిషేధించదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పురపాలక అనుమతులకు లైసెన్సు నిబంధనలు వేరే ఉంటాయి.

ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివిన పిల్లలు నాటా లేదా జేఈఈ మెయిన్ రెండో పేపర్ రాసి ఐదేళ్ల బీఆర్క్‌లో చేరొచ్చు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ప్రభుత్వ సంస్థలు. వీటిలో ఎస్సీలకు 15 శాతం సీట్లు ఉన్నాయి. డిజైన్ చదవాలంటే ఐఐటీల యూసీడ్ పరీక్ష ఆర్ట్స్, కామర్స్ పిల్లలూ రాయొచ్చు. సీటు వచ్చాక కూడా షీట్లు, మోడళ్లు, ల్యాప్‌టాప్ ఖర్చు ఉంటుంది. ముందే లెక్క వేసుకోవాలి. మన సంఘాలు ఆ ఖర్చుకు అండగా నిలవాలి.

అంబేద్కర్ 1930ల్లో ముంబయి దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు తన పుస్తకాలకు చోటు ఉండేలా కట్టించారు. ఇంట్లో ఏం ముఖ్యమో ఆయనే నిర్ణయించుకున్నారు. తెలంగాణలో ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు విడతల వారీగా ఇస్తున్నారు, ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. ఆ కొలత లోపల కిటికీ ఎక్కడ, పిల్ల చదువుకునే మూల ఎక్కడ అన్నది మనం చెప్పొచ్చు. గ్రామసభలో ప్లాన్ కాగితం అడగండి. హౌసింగ్ ఏఈ వచ్చి ముగ్గు పోసే రోజుకు ముందే అడగండి. గోడ లేచాక కిటికీ మార్చడం కష్టం.