లైనూ లెవెలూ తప్పకుండా నేలకు దిగాలంటే...

సెలవుకు ఊరెళ్తూ విమానం కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మనలో చాలామందికి ఒక్కసారైనా ఈ సందేహం వచ్చే ఉంటుంది. బయటంతా తెల్లటి మబ్బు. రెక్క చివర కూడా కనబడదు. మరి ముందు కూర్చున్న పైలట్‌కు రన్‌వే ఎలా కనబడుతోంది? నిజం చెప్పాలంటే ఆయనకూ కనబడదు. ఎదురుగా ఉన్న మీటర్లను నమ్ముకుని దిగుతాడు.

ఈ విద్యలో ఓనమాలు దిద్దుకోవడానికి ఇప్పుడు రూములో ఒక కంప్యూటర్ ఉంటే చాలు. దుబాయ్‌లో మా రూములో నలుగురం ఉంటాం. ఇద్దరం సివిల్ సూపర్‌వైజర్లం, ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు ఏసీ మెకానిక్. సెలవు రోజున వంట, బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు అయ్యాక మా కాలక్షేపం ఫ్లయిట్ సిమ్యులేటర్. ఇది ఆటే. కానీ ఇందులో నేర్చుకున్నది సైటు మీద కూడా మాకు పనికొస్తోంది. అందుకే నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

ఖర్చు గురించి ముందే

మైక్రోసాఫ్ట్ వాళ్ళ మొదటి ఫ్లయిట్ సిమ్యులేటర్ 1982లో వచ్చింది. 2020లో, 2024లో వచ్చిన కొత్తవి చూడటానికి అచ్చం నిజంలాగే ఉంటాయి గానీ, వాటికి మంచి కంప్యూటర్, వేగంగా ఉండే ఇంటర్నెట్ కావాలి. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే వాటి జోలికి పోనక్కర్లేదు. 2006లో వచ్చిన ఫ్లయిట్ సిమ్యులేటర్ టెన్ పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఫ్లయిట్‌గేర్ అనేదైతే పూర్తిగా ఉచితం. సెకండ్ హ్యాండ్ జాయ్‌స్టిక్ ఒకటి దొరికితే మరీ మంచిది. ఇక్కడ ఎన్ని గంటలు నడిపినా పైలట్ లైసెన్సు లెక్కలోకి రావు. ఆ ఆశ చూపించి ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి.

మేస్త్రీకి అర్థమయ్యే లెక్క

గోడ కట్టేటప్పుడు మనం ఏం చూస్తాం? దారం కట్టి లైను చూస్తాం, వాటర్ ట్యూబు పెట్టి లెవెల్ చూస్తాం. మబ్బులో విమానం దిగడానికీ ఆ రెండే. దీన్నే ఐఎల్ఎస్ అంటారు. రెండు రకాల రేడియో కిరణాల పద్ధతి ఇది.

మొదటిది లోకలైజర్. అంటే లైను. దీని యాంటెన్నాలు రన్‌వే అవతలి చివర ఉంటాయి. విమానం వచ్చే దిక్కు నుంచి చూస్తే మధ్యగీతకు ఎడమవైపు 90 హెర్ట్జ్ స్వరం, కుడివైపు 150 హెర్ట్జ్ స్వరం బలంగా ఉంటాయి. రెండూ సమానమైతే విమానం సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. రెండోది గ్లయిడ్ స్లోప్. అంటే లెవెల్. దీని యాంటెన్నా రన్‌వే పక్కన, చక్రాలు నేలకు తగిలే చోటుకు దగ్గర్లో ఉంటుంది. పైకీ కిందికీ ఇదే లెక్క.

సాధారణంగా ఈ వాలు 3 డిగ్రీలు. వీల్‌చైర్ ర్యాంపుకు మనం 12కి 1 వాలు ఇస్తాం కదా, విమానం దిగే వాలు అంతకంటే తక్కువ, దాదాపు 19కి 1. అంటే ఒక నాటికల్ మైలుకు, అనగా 1852 మీటర్లకు, సుమారు 320 అడుగులు దిగాలి. నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. వేగంలో సగం తీసుకుని పక్కన సున్నా పెట్టండి. చిన్న సెస్నా 172 విమానం 90 నాట్ల వేగంతో వస్తుంటే నిమిషానికి 450 అడుగులు. కాస్త అటూ ఇటూగా సరిపోతుంది.

ఆటోపైలట్ డ్రైవర్ కాదు

"అన్నా, ఆటో పెట్టాక ఇంక మనకేం పని?" అని మా రూములో చిన్నోడు అడిగాడు. చాలామంది అనుకునేదీ ఇదే.

ఆటోపైలట్ కొత్తదేం కాదు. 1914లోనే పారిస్ దగ్గర లారెన్స్ స్పెర్రీ అనే అమెరికన్ యువకుడు గాల్లో రెండు చేతులూ పైకెత్తి, విమానం తనంతట తానే నిలకడగా పోతోందని జనానికి చూపించాడు. లోపల తిరిగే గైరోస్కోపు పట్టిన నిలకడ అది. ఈనాటి ఆటోపైలట్ ఎంత తెలివిగా కనబడినా చెప్పిన పని మాత్రమే చేస్తుంది. హెడింగ్ బటన్ నొక్కితే చూపిన దిక్కుకే పోతుంది. ఆల్టిట్యూడ్ బటన్ నొక్కితే అదే ఎత్తు పట్టుకుంటుంది. ఎదురుగా కొండ ఉంటే తప్పించాలన్న ఆలోచన దానికి రాదు.

సెస్నాలో మేము సాధన చేసే వరుస ఇది. ముందు రన్‌వే ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీ పెట్టి, దాని గుర్తుగా వినిపించే మోర్స్ శబ్దాన్ని వింటాం. అది సరిపోతేనే ముందుకు. తర్వాత రన్‌వే దిక్కు కోర్సు సూదికి పెడతాం. ఎనిమిది పది మైళ్ళ దూరంలో, గ్లయిడ్ స్లోప్‌కు కిందుగా ఉండేలా ఎత్తు నిలబెట్టి, లైనును 30 డిగ్రీల కోణంలో కలిసేలా వస్తాం. అప్పుడు అప్రోచ్ బటన్. లైను దొరకగానే విమానం తిరిగి దాన్ని పట్టుకుంటుంది. కాసేపటికి వాలు సూది మధ్యకు వస్తుంది, విమానం దిగడం మొదలుపెడుతుంది.

వాలును కింద నుంచే ఎందుకు కలవాలి అంటే, అసలు కిరణానికి పైన, 9 డిగ్రీల దగ్గర, దొంగ కిరణం ఒకటి ఉంటుంది. పైనుంచి వస్తే దాని మాయలో పడే ప్రమాదం ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. సెస్నా ఆటోపైలట్ థ్రాటిల్ ముట్టుకోదు. వేగం చూసుకోవాల్సింది మనమే. అందుకే మా రూములో రూలు పెట్టుకున్నాం. బటన్ నొక్కగానే చెయ్యి తీసెయ్యకూడదు. అది నిజంగా పట్టుకుందా లేదా అని ప్యానెల్ మీద చూసి, పైకి చెప్పాలి. పక్కనున్నవాడు అవునంటేనే తర్వాతి పని.

ఒక్క బల్బు

చూడటం మానేస్తే ఏమవుతుందో 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలో తెలిసింది. మయామీలో దిగబోతున్న ఈస్టర్న్ 401 విమానంలో ముందు చక్రం దిగినట్టు చూపించే బల్బు వెలగలేదు. విమానాన్ని 2000 అడుగుల దగ్గర ఆటోపైలట్‌కు అప్పగించి కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు వెంట పడ్డారు. ఎత్తు నిలబెట్టే పట్టు ఎప్పుడు వదిలిందో ఎవరూ గమనించలేదు. విమానం మెల్లగా దిగి చిత్తడి నేలలో కూలింది. నూరు మందికి పైగా చనిపోయారు. చెడిపోయింది కేవలం ఒక బల్బు. ఎత్తు చూడాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

సైటులోనూ అంతే కదా. పంపు మొరాయిస్తే పదిమందీ పంపు చుట్టూ చేరతారు. అటు షట్టరింగ్ వైపు చూసేవాడు ఒకడైనా ఉండాలి.

200 అడుగుల దగ్గర ఒకే ప్రశ్న

సాధారణ ఐఎల్ఎస్‌లో, అంటే కేటగిరీ ఒకటిలో, నేలకు 200 అడుగుల ఎత్తు దాకా దిగవచ్చు. మన భాషలో 20 అంతస్తుల బిల్డింగంత. సెస్నా వేగంతో అక్కడి నుంచి నేలకు దాదాపు 25 సెకన్లు. అక్కడ ఒకటే ప్రశ్న. రన్‌వే లైట్లు కనబడ్డాయా? కనబడితే ఆటోపైలట్ తీసేసి చేత్తో దించుతాం. లేదంటే ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ముక్కు పైకెత్తి, మళ్ళీ గాల్లోకి. దీన్నే గో అరౌండ్ అంటారు.

ఇది ఓటమి కాదు. విమానయానంలో మామూలు పద్ధతి. ఈ మాట గల్ఫ్‌లో ఉన్న మనకు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి 2010 మే 22 గుర్తు చేసుకుంటే చాలు. దుబాయ్ నుంచి మంగళూరు వెళ్ళిన విమానం ఉండాల్సిన వాలు కన్నా చాలా ఎత్తులో వచ్చింది. కో-పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడని, కెప్టెన్ ఆగకుండా దించాడని విచారణలో తేలింది. సగానికి పైగా రన్‌వే దాటాక చక్రాలు నేలకు తగిలాయి. కొండ మీద కట్టిన రన్‌వే అది, చివర లోయ. విమానంలో ఉన్న 166 మందిలో 158 మంది పోయారు. పెట్టెల్లో పిల్లల బొమ్మలు, ఇంటికి సెంట్లు, చాక్లెట్లు పెట్టుకుని బయల్దేరే ప్రయాణం ఎలాంటిదో మనకు వేరే చెప్పాలా?

కింద ఉన్నవాడు చెప్పాడు. పైన ఉన్నవాడు వినలేదు.

అందుకే మా రూములో రెండో రూలు. ఎడమ సీటులో ఎవరున్నా సరే, వయసులో చిన్నవాడైనా "గో అరౌండ్" అంటే వాదించకుండా విమానం లేపాలి. తప్పెవరిదో తర్వాత మాట్లాడుకోవచ్చు. మొదట్లో మా చిన్నోడు నోరు తెరిచేవాడు కాదు. పెద్దవాళ్ళం కదా అని మొహమాటం. ఇప్పుడు వెయ్యి, అయిదొందలు, రెండొందలు అంటూ ఎత్తులు గట్టిగా చదువుతాడు. సూది పక్కకు జరిగితే వెంటనే చెబుతాడు.

క్రేన్ దగ్గరా నియమం ఇదే. బరువు ఎత్తమని సిగ్నల్ ఇచ్చేవాడు ఒక్కడే. ఆపమనే సిగ్నల్ మాత్రం ఎవరైనా ఇవ్వొచ్చు. ఆపరేటర్ ఆపి తీరాలి. కాగితం మీద ఈ నియమం అందరికీ తెలుసు. కానీ ఎండలో పని తొందరలో, నిన్నగాక మొన్న వచ్చిన హెల్పర్ "ఆపండి సార్" అంటే ఎంతమంది ఆపుతున్నాం? ఆ మాట అన్నందుకు వాణ్ణి కసరకుండా ఉన్నప్పుడే రేపు మళ్ళీ అంటాడు.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఊరెళ్ళేటప్పుడు విమానం దిగబోతూ ఒక్కసారిగా గర్జించి మళ్ళీ పైకి లేస్తే కంగారు పడకండి, పైలట్‌ను తిట్టుకోకండి. అరగంట ఆలస్యమైనా ఎయిర్‌పోర్టు బయట మనవాళ్ళు నిలబడే ఉంటారు. పక్క సీటులో మొదటిసారి విమానం ఎక్కిన తమ్ముడెవరైనా భయపడుతుంటే, లైనూ లెవెలూ కుదరలేదు, సరిచూసుకుని మళ్ళీ వస్తున్నాడని చెప్పండి. మన పని చేసేవాడికి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.