మాటు వేస్తే చాలదు... నీళ్లు పోసి చూడాలి!

కోట్లాది కంప్యూటర్లలో, ఫోన్లలో ఓ చిన్న చిల్లు. దాన్ని పూడ్చడానికి పదిహేడేళ్లలో నాలుగుసార్లు మాటు వేయాల్సి వచ్చింది!

'బిందెలకు మాట్లేస్తాం...' అని వీధిలో కేక వినపడగానే అటక మీది చిల్లుబిందెలన్నీ వాకిట్లోకి వచ్చేవి ఒకప్పుడు. మాటు వేయించాక ఏ ఇల్లాలూ వెంటనే డబ్బులిచ్చేది కాదు. బిందె నిండా నీళ్లు పోసి, అడుగు తడిమి, చెమ్మ లేదని తేలాకే కొంగుముడి విప్పేది.

కంప్యూటర్లకూ మాట్లు వేస్తారు. వాటినే ప్యాచ్‌లంటారు. నీళ్లు పోసి చూసే పనికి అక్కడ రివ్యూ అని పేరు. ఒకరు రాసిన మార్పును ఇంకొకరు అక్షరం అక్షరం చదివి తప్పులు పట్టాలన్నమాట. అదెంత కష్టమో చెప్పేదే 'డర్టీ కౌ' కథ.

అసలు మీద చెయ్యి పడకుండా...

నల్లమల అంచున ఉన్న రుద్రవరంలో ఎవరి చేతిలోనైనా ఆండ్రాయిడ్ ఫోను ఉందంటే అందులో లినక్స్ కెర్నెల్ ఉన్నట్టే. ఫిన్లండ్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. సర్వర్లనూ, సూపర్ కంప్యూటర్లనూ కూడా నడిపిస్తోంది. ఏ యాప్‌కి ఎంత మెమరీ ఇవ్వాలి, ఎవరి సమాచారాన్ని ఎవరు ముట్టుకోకూడదు అన్నది చూసేది కెర్నెలే.

మెమరీని పొదుపు చేయడానికి అదో చిట్కా పాటిస్తుంది. మండలాఫీసులో పొలం రికార్డు ఉందనుకుందాం. చూసి పోయేవాళ్లందరికీ ఆ ఒక్క రికార్డే చూపిస్తారు. ఎవరైనా దాని మీద రాసుకుంటానంటే మాత్రం జిరాక్సు తీసి చేతిలో పెడతారు. అసలు భద్రం. కెర్నెల్ చేసేదీ ఇదే. దీన్ని 'కాపీ ఆన్ రైట్' అంటారు. ఆ ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'కౌ'... అంటే ఆవు! రాత పడిన పేజీకి కెర్నెల్ పెట్టే గుర్తు పేరు 'డర్టీ'. రెండూ కలిసి ఈ లోపానికి పేరయ్యాయి.

రెప్పపాటులో దొంగరాత

ఇప్పుడు ఇద్దరు తోడుదొంగలు వచ్చారనుకోండి. ఒకడు 'రాస్తా, రాస్తా' అని అడుగుతుంటాడు. రెండోవాడు 'ఆ జిరాక్సు అక్కర్లేదు, చించేయండి' అని అరుస్తుంటాడు. గుమాస్తా 'జిరాక్సు ఇచ్చేశాం కదా, ఇక రాసుకోనీ' అనుకునే లోపే అది చిరిగిపోతుంది. కలం తిన్నగా అసలు రికార్డు మీద పడుతుంది! కంప్యూటర్లో ఇలా జరిగితే మామూలు వాడకందారు ముట్టకూడని ఫైళ్లు మార్చి, యంత్రం మొత్తానికి యజమాని అయిపోతాడు.

2005లోనే టోర్వాల్డ్స్ దీనికో మాటు వేశారు. అది ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ యంత్రాల్లో ఇబ్బంది పెట్టడంతో తీసేశారు. అప్పట్లో ఆ రెప్పపాటు దొరకడం కాగితం మీది మాటే. కాలం గడిచేకొద్దీ అది దొంగలకు సులువైపోయింది. 2007 నాటి వెర్షన్ నుంచీ లోపం అలాగే ఉండిపోయింది. 2016లో ఫిల్ ఓస్టర్ తన సర్వర్‌కు వచ్చే సమాచారాన్నంతా భద్రపరిచే అలవాటు వల్ల దాడి ఆనవాళ్లు పట్టుకున్నారు. ఆ అక్టోబరులో టోర్వాల్డ్సే మళ్లీ మాటు వేశారు. నిండా ఇరవై లైన్లు లేని మార్పు అది. మెమరీ విభాగంలో తలపండిన హ్యూ డికిన్స్, మిఖాల్ హోకో చూసి సరేనన్నారు.

ముద్రను నమ్మితే...

ఆ మాటు సూత్రం ఏమిటంటే... రాయనిచ్చే ముందు చేతిలోని కాగితం మీద 'డర్టీ' ముద్ర ఉందో లేదో చూడాలి. ఉంటే అది జిరాక్సే. మామూలు పేజీల విషయంలో అది నిజం. ఈ పేజీలు సాధారణంగా 4 కిలోబైట్లుంటాయి. వేగం కోసం 2 మెగాబైట్ల పెద్ద పేజీలూ వాడతారు. 2017 ఆరంభంలో అదే పద్ధతిని వాటికీ వర్తింపజేశారు. అక్కడే చెమ్మ బయటపడింది! పెద్ద పేజీల దగ్గర జిరాక్సు తీయకుండానే ఆ ముద్ర పడే దారి ఒకటుంది. బిండెసీ సంస్థ పరిశోధకులు దాన్ని కనిపెట్టడంతో 2017 నవంబరులో ఇంకో మాటు పడింది.

కథ అయిపోయిందా? లేదు. 2022 జనవరిలో వచ్చిన వెర్షన్‌లో వేరే పని కోసం చేసిన ఓ చిన్న మార్పు వల్ల ఇంకో రకం పేజీలకు ఆ ముద్ర పడసాగింది. డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ అది గమనించి, ఆగస్టులో ముద్రను నమ్మే పద్ధతికే స్వస్తి చెప్పించారు. 'ముద్ర ఉందా?' అని కాదు, 'ఇది ఈ వాడకందారు సొంత కాపీయేనా?' అని నేరుగా చూసే ఏర్పాటు చేశారు.

రివ్యూ చేసేవారి అసలు బరువు ఇక్కడే ఉంది. మార్చిన లైన్లు తప్పా ఒప్పా అని చూస్తే సగం పనే. ఆ లైన్లు దేన్ని నమ్ముకున్నాయి, ఆ నమ్మకం ఇంకెక్కడ తప్పుతుంది, రేపు వేరెవరో చేసే మార్పుతో చెడుతుందా... ఇవన్నీ అడగాలి. ఎంత పెద్దవారు రాసినా అడగాలి.

మన వంతు

2016 డిసెంబరుకల్లా గూగుల్ ఆండ్రాయిడ్‌కు మాటు విడుదల చేసింది. అయినా 2017 సెప్టెంబరులో 'జెడ్‌ఎన్‌ఐయూ' అనే దొంగ ప్రోగ్రాము ఇదే చిల్లు గుండా ఫోన్లలోకి చొరబడుతోందని ట్రెండ్ మైక్రో సంస్థ బయటపెట్టింది. బాధితులు 5 వేల మందికి పైనే. వాళ్లలో ఎక్కువమంది చైనా, భారత్‌ల వాళ్లే! మందు తయారైంది, ఆ ఫోన్లకు మాత్రం చేరలేదు.

కాబట్టి ఫోను 'సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది' అంటే 'రేపు చూద్దాం' అనకండి. ఎవరో పంపిన లింకుల నుంచి యాప్‌లు దించుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో అప్‌డేట్లు ఆగిపోయాయేమో పిల్లల చేత చూపించండి. నలుగురు నిపుణులు తలలు బద్దలు కొట్టుకుని వేసిన మాటుకు ఫలితం, అది మన ఫోనుకు చేరినప్పుడే!