ఆటల గుర్తుగా వేసిన వెండి నాణేలు

స్టాంపులు దాచేవాళ్లు ఉన్నట్టే నాణేలు దాచేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లలో కొందరు ఆటల నాణేలే ఏరి దాస్తారు. వాటి గురించి రాస్తున్నాను.

పెద్ద పోటీలు జరిగితే ఆ దేశం వాటి గుర్తుగా నాణెం వేయిస్తుంది. 1952లో హెల్సింకిలో ఒలింపిక్స్ జరిగినప్పుడు ఫిన్లాండ్ వెండి నాణెం వేసింది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్ కోసం కెనడా 28 రకాలు వేసింది! అన్ని రకాలు ఎందుకో నాకైతే అర్థం కాలేదు. మన దేశం 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు 25 పైసలు, 2 రూపాయలు, 10 రూపాయలు, 100 రూపాయల నాణేలు వేసింది. పి.టి. ఉష రెండు వెండి పతకాలు గెలిచింది ఆ క్రీడల్లోనే. ఈ నాలుగింటిలో వెండి ఉన్నది వంద రూపాయల దాంట్లోనే. దాన్ని పట్టుకెళ్లి కొట్లో బియ్యం అడిగేవాళ్లు ఉండరు. దాచుకోవడానికే వేశారు.

ప్రూఫ్ అంటే లెక్కల్లో నిరూపణ అనుకునేరు. అది కాదు. మామూలు నాణేలు టకటకా అచ్చు పడి సంచుల్లోకి పోతాయి. ప్రూఫ్ నాణేనికి ముందు అచ్చునీ, వెండి బిళ్లనీ కూడా మెరిసేలా రుద్దుతారు. తరవాత నెమ్మదిగా, గట్టిగా, ఒకటికి రెండుసార్లు అచ్చు కొడతారు. అందుకే నేల అద్దంలా ఉంటుంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా లేచి కనబడుతుంది. దాన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి. వేలు పడితే ముద్ర ఉండిపోతుంది. గాలిలో ఉండే గంధకం వల్ల వెండి నల్లబడుతుంది కాబట్టి మూత గట్టిగా ఉన్న డబ్బీలో పెడతారు. నల్లబడినా మనలాగ చింతపండో కుంకుడు రసమో పెట్టి తోమకూడదట. తోమితే ఆ అద్దం మీద గీతలు పడి విలువ పోతుంది.

మా సవర ఊళ్లలో ముసలమ్మల మెడలో పాత రూపాయిల దండలుంటాయి. వాటికి కన్నం పెట్టి తాడుకి గుచ్చుతారు. కన్నం పడిన నాణేన్ని దాచేవాళ్లు పాడైపోయిందంటారు. మా మామ్మకైతే కన్నం లేని రూపాయి ఎందుకూ పనికిరాదు.

ముఖ్యంగా చెప్పేదేటంటే, వెండి నాణెం అన్నంత మాత్రాన అది మొత్తం వెండి కాదు. ఆసియా క్రీడల వంద రూపాయల నాణెం 35 గ్రాములు. అందులో సగమే వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. పాత రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. 1939 వరకు వేసిన రూపాయిల్లో 100కి దాదాపు 92 పాళ్లు వెండి. 1940 నుంచి సగానికి తగ్గించారు. 1947 నుంచి రూపాయిలో వెండే లేదు, ఆ ఏడు వేసినది అంతా నికెల్.

నన్ను ఆరో తరగతిలో వేసినప్పుడు పెట్టె, దుప్పటి కొనడానికి మామ్మ దండలోంచి రెండు రూపాయిలు తీసి సంతలో ఇచ్చింది. వాటి మీద అంకెలు నేనే చదివాను. ఒకటి 1901, విక్టోరియా రాణిది. ఇంకోటి 1944, జార్జి రాజుది. మొదటిదాంట్లో 10 గ్రాములకు పైగా వెండి ఉంటుంది, రెండోదాంట్లో 6 గ్రాములు కూడా ఉండదు. కొన్నాయన సంవత్సరం చూడలేదు. చూసే ఊరుకున్నాడేమో కూడా. రెండూ ఒకే తక్కెడలో వేసి, తక్కువదాని ధరే రెండింటికీ కట్టాడు. ఆటల నాణెమైనా, దండలో రూపాయైనా, అమ్మేముందు సంవత్సరం చదవాలి, వెండి ఎంత పాలో అడగాలి.

ఇంకొక సంగతి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ఆస్ట్రేలియా దాదాపు మేలిమి వెండితో 16 రకాల ప్రూఫ్ నాణేలు వేసింది. ఆ సిడ్నీలోనే సెప్టెంబరు 19న కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఆమె పెరిగిన ఊసవానిపేట మన జిల్లాలోదే. పలాసలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగితే ఆమదాలవలస, ఆ పక్కనే.

ఆస్ట్రేలియాలో ఒక సెంటు, రెండు సెంట్ల నాణేలను 1992 నుంచి వెనక్కి తీసుకున్నారు. వాటిని కరిగించి ఆ కంచు పతకాల్లో కలిపారు. అంటే మల్లీశ్వరి మెడలో పడినదాంట్లో ఎవరో ఎప్పుడో కొట్లో ఇచ్చిన చిల్లర ఉంది. ఈ సంగతి మా మామ్మకి చెప్తే, "మరైతే ఆ గుంట కూడా డబ్బులే ఏసుకుందన్నమాట" అంది.