సైట్‌లో ‘సార్’.. గదిలో ‘అన్నా’!

ఐన్ ఖాలిద్ (ఖతర్): సైట్‌లో మమ్మల్ని ‘సార్’ అనే మేస్త్రీలే రాత్రి గదిలో ‘అన్నా, పప్పులో ఉప్పెక్కువైంది’ అంటారు. మనిషి ఒక్కడే, పాత్రలు రెండు. డిప్లొమాతో సంపాదించుకున్న హోదా ఒకటైతే, పుట్టుకతో అంటుకున్నది మరొకటి. సమాజశాస్త్రంలో తొలి పాఠాలివే.

హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటపై ఎస్.సి.దూబే 1955లో వెలువరించిన ‘ఇండియన్ విలేజ్’లో ఎవరి చేతి వంట ఎవరు తినాలన్న కట్టుబాట్లూ ఉన్నాయి. ఇక్కడ మా ఎనిమిది మందికీ ఒకటే గిన్నె, వంతులవారీ వంట. అయినా మొన్న కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి మా గదిలో ఒకాయన ‘మీరేమిట్లు?’ అనడిగారు. అతను కంచం పట్టుకుని దూరంగా కూర్చున్నాడు. మేమెవరమూ నోరు మెదపలేదు. ఆ మౌనంతోనే కట్టుబాటు బతుకుతుందనిపించి నిద్ర పట్టలేదు.

మర్నాడు వంతుల కాగితంలో అతని పేరు రాశాం. శుక్రవారం అతను వండిన చేపల పులుసు అడిగినాయన కూడా తిన్నారు. మరి మీ గదిలో?